ఋణాదానం నుండి ఐ.పి. దాకా

మనువు వ్యవహారపదాలను పద్దెనిమిదిగా విభజించి, వాటిలో ప్రథమస్థానాన్ని ఋణాదానానికి ఇచ్చాడు. సీమావివాదం, చౌర్యం, సాహసం ఇవన్నీ ఆ తరువాతివే. అప్పు ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ నడుమ తలెత్తే వివాదమే రాజసభకు వచ్చే వివాదాలలో మొదటిదని ప్రాచీనులు గుర్తించారు. ఆ వివాదం నేడు న్యాయస్థానంలో ధరించే రూపాలలో ఒకదానికి మన ఏర్పేడు, శ్రీకాళహస్తి ప్రాంతాలలో “ఐ.పి.” అని పేరు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటకు అవి పొడి అక్షరాలు. “వాడు ఐ.పి. పెట్టాడు” అనే వాక్యం ఇక్కడ దాదాపు తిట్టుగా స్థిరపడింది. ఋణవిమోచన నృసింహ స్తోత్రం ఎన్ని దినాలు పారాయణ చేయాలని అడిగే గృహస్థులు కూడా ఆ మాట వినగానే “అంత పాపం మాకొద్దు సామీ” అంటారు. అది పాపమా కాదా అన్నది శాస్త్రాన్నీ చరిత్రనూ పరిశీలించి చెప్పవలసిన విషయం.

శాస్త్రంలో కాఠిన్యం లేదని చెప్పను. మనిషి ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడియే జన్మిస్తాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. లౌకిక ఋణంలోనూ అదే భావం వ్యాపించింది. ఋణం తీర్చకుండా మరణించిన తపస్వి తపఃఫలమూ, అగ్నిహోత్రి అగ్నిహోత్రఫలమూ ధనికుడికే చెందుతాయన్నాడు నారదుడు. బాకీ వసూలుకు మనువు చెప్పిన ఉపాయాలు అయిదు: ధర్మం, వ్యవహారం, ఛలం, ఆచరితం, బలం. వీటిలో ఆచరితమంటే ఋణగ్రస్తుడి వాకిట నిరశనగా కూర్చోవడం వంటి దేశాచారమని వ్యాఖ్యాతలు వివరించారు. నేడు అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చోవడం కొత్త ఆచారమేమీ కాదు!

అయితే అదే శాస్త్రం ధనికుడికీ హద్దు గీసింది. వసిష్ఠుడు విధించిన వృద్ధి నెలకు మూలధనంలో ఎనభయ్యోవంతు. మన లెక్కలో చెప్పాలంటే నూటికి రూపాయి పావలా. పల్లెలలో నేడు నడిచే రెండు రూపాయల, మూడు రూపాయల వడ్డీలతో దీనిని పోల్చి చూడండి. పైగా ఒక్కసారిగా వసూలు చేసే ధనవృద్ధి ద్వైగుణ్యాన్ని దాటరాదని మనువు నియమం. వడ్డీ ఎంత పేరుకున్నా అసలుకు సమానం కావడంతో ఆగిపోవాలి. ఇక పూర్తిగా క్షీణించినవాడి విషయంలో యాజ్ఞవల్క్యుడు, బ్రాహ్మణుడైతే ఆదాయం వచ్చిన కొద్దీ మెల్లమెల్లగా కట్టించాలని, హీనజాతివాడైతే ఋణానికి బదులు పని చేయించాలని చెప్పాడు. ఈ భేదాన్ని సమర్థించడానికి నాకు మనసొప్పదు. ఆ రెండవ భాగమే కాలక్రమంలో తరతరాల వెట్టికి ఊతమయింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దానిని నిషేధించింది. మొదటి భాగంలోని “యథోదయం” అనే న్యాయం మాత్రం అందరికీ వర్తించవలసినది.

మన క్షేత్రంలో ఋణం అంటే వెంటనే స్ఫురించేది శ్రీనివాసుడి కథ. నారాయణవనంలో పద్మావతీ పరిణయానికై స్వామి కుబేరుడి వద్ద ధనం తీసుకొని ఋణపత్రం వ్రాసి ఇచ్చాడని, బ్రహ్మ, శివుడు, అశ్వత్థవృక్షం సాక్షులని, కలియుగాంతం వరకు వడ్డీ చెల్లిస్తున్నాడని స్థలపురాణం. వడ్డికాసులవాడనే పేరు అలా వచ్చింది. జగన్నాథుడే ఋణపత్రం వ్రాసిన కొండ కింద నివసిస్తూ, ఋణగ్రస్తుడిని చూసి ముఖం తిప్పుకోవడం మనకు ఎలా శోభిస్తుంది?

ఆంగ్లేయుల కాలంలో ఋణగ్రస్తుడి గతి చెరసాల. 1828లో మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు మాత్రమే దివాలాదారుల ఉపశమన న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. 1906 అక్టోబరులో మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయి, దాని యజమానులు దివాలా దరఖాస్తు పెట్టినప్పుడు ఎందరో డిపాజిటుదారులు ఆరిపోయారు. సర్ జార్జ్ అర్బత్‌నాట్ మోసం నేరంపై జైలుకు వెళ్లాడు. ఆ మరుసటి సంవత్సరమే నగరాల వెలుపలి ప్రజలకోసం ప్రాంతీయ దివాలా చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1920 చట్టమే మనం చెప్పుకునే ఐ.పి.కి ఆధారం. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలో తప్ప, సామాన్య వ్యక్తులకు సంబంధించిన దాని భాగం అమలులోకి రాలేదు. కనుక నూరేళ్లు దాటిన ఆ శాసనమే నేటికీ శరణ్యం.

ఈ మధ్యలో రైతుకు మరొక ఉపశమనం లభించింది. చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, రాజగోపాలాచారి ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు పూర్వపు ఋణాలలో అసలుకు రెండింతలు చెల్లించి ఉంటే ఋణం పూర్తిగా తీరినట్లే. కొత్త ఋణాలకు వడ్డీ సాలుకు నూటికి ఆరుంబావు, అంటే నెలకు రూపాయికి ఒక పై. మనువు ద్వైగుణ్యం శాసనసభ ద్వారా తిరిగి వచ్చిందని నాకు తోస్తుంది.

ఇక ఐ.పి. పెట్టినవాడికి ఎదురయ్యేది ఏమిటి? అప్పులు అయిదు వందల రూపాయలకు తక్కువ కాకుండా ఉండి, తీర్చే శక్తి లేనివాడు దరఖాస్తు చేయవచ్చు. 1920లో నిర్ణయించిన మొత్తం అది. దరఖాస్తులో ప్రతి ఋణదాత పేరు, బాకీ, తన ఆస్తి యావత్తూ దాచకుండా చూపాలి. ఋణదాతలకు నోటీసు వెళ్తుంది, వారు ఆక్షేపిస్తారు, విచారణ జరుగుతుంది. దివాలాదారుడని తీర్పు వెలువడితే ఆస్తి న్యాయస్థానానికో రిసీవరుకో సంక్రమిస్తుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, వృత్తి పనిముట్లు, సేద్యానికి అవసరమైన పశువులు, విత్తనాలు, వ్యవసాయదారుడు నివసించే ఇల్లు వంటివి జప్తుకు అతీతం. మతాచారం ప్రకారం స్త్రీ విడువరాని ఆభరణం, అనగా మాంగల్యం, ముట్టరాదని కూడా చట్టంలోనే ఉంది. తాకట్టు పెట్టిన వస్తువుకు మాత్రం ఈ రక్షణ లేదు. తాకట్టుదారుడి హక్కు యథాతథం. అరెస్టు నుండి రక్షణను న్యాయస్థానాన్ని అడిగి పొందవచ్చు. కేవలం పేదరికం కారణంగా ఋణగ్రస్తుడిని చెరలో పెట్టడం న్యాయం కాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ సుప్రీంకోర్టు తీర్పులో స్పష్టం చేశారు.

తీర్పుతో పని ముగియదు. విధించిన గడువులో విమోచన ఉత్తర్వు కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. చేయకపోతే దివాలా తీర్పే రద్దయిపోతుంది. ఈ దశలోనే న్యాయస్థానం మనిషి నడతను తూచుతుంది. ఆస్తి రూపాయికి ఎనిమిదణాల పాటికైనా లేకపోతే, అది తన తప్పు కాదని అతడు నిరూపించుకోవాలి. జూదం, దుస్సాహసపు వ్యాపారం, మితిమీరిన దుర్వ్యయం వల్ల దివాలా తీస్తే సంపూర్ణ విమోచన దొరకదు. జూదపు బాకీ, మద్యపు బాకీ కుమారుడు కట్టనక్కరలేదన్న స్మృతివాక్యం ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. ఋణాలన్నీ ఒకే జాతివి కావని రెండూ అంగీకరించాయి. దరఖాస్తుకు ముందు రెండేళ్లలో భార్య పేరనో బావమరిది పేరనో ఊరికే వ్రాసి ఇచ్చిన ఆస్తిని రద్దు చేయవచ్చు. చివరి మూడు నెలలలో ఒక ఋణదాతకు మాత్రమే పక్షపాతంగా చెల్లించినదీ నిలవదు. ఆస్తి దాచితే కారాగారం. ఐ.పి. అనే మాటకు అపకీర్తి తెచ్చినవారు ఇలా దాచినవారే. శక్తి నశించి సర్వం చూపినవాడు కాదు.

విమోచన వచ్చినా ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, భార్యాబిడ్డలకు చెల్లించవలసిన మనోవర్తి తొలగవు. కుమారుడి సంగతి వేరు: తండ్రి ఋణం తీర్చడం పుత్రధర్మమన్న కారణంతో మాత్రమే అతడిపై దావా చెల్లదని 2005 హిందూ వారసత్వ సవరణ నిర్ణయించింది. తండ్రి వదిలిన ఆస్తి మేరకు బాధ్యత ఉంటుంది. ఇక జామీను సంతకం చేసిన మిత్రుడికి ఈ చట్టంలో ఏ ఉపశమనమూ లేదు. ప్రధాన ఋణగ్రస్తుడు విముక్తుడైన మరునాడే ఋణదాత ఆయన గడపకు వస్తాడు. కనుక న్యాయవాది వద్దకు వెళ్లే ముందు మొదట కబురు చెప్పవలసింది ఆ మిత్రుడికే.