వెట్టిని ఆనవాయితీ అన్నదెవరు?

గడీల చరిత్ర చదివేటప్పుడు మేము మొదట చూసేది మాటలను. నేరానికి ఏ పేరు పెట్టిండ్రో చూస్తే, రాసినవాడు ఎవరి అరుగు మీద కూర్చుని రాసిండో తెలుస్తది.

జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 40 వేల ఎకరాల భూమి ఉండేది. గడీ పని మాత్రం కులాల వారీగా నడిచింది. మాల, మాదిగ వాడల నుంచి ఇంటికొక్కరు వెట్టికి పోవాలె. మాదిగ చెప్పులు కుట్టియ్యాలె, చాకలి బట్టలుతకాలె, కుమ్మరి కుండలియ్యాలె, గౌడు కల్లు పొయ్యాలె. కూలి లేదు. దొరల భాషలో ఇది 'ఆనవాయితీ'. దొర బిడ్డ పెండ్లయితే ఆమె వెంట అత్తగారింటికి తోలిన కింది కులాల ఆడపిల్ల 'ఆడబాప'. పిలుపు చుట్టరికం లెక్కనే ఉంటది. ఆ ఇంటి మగవాళ్లు ఆమె శరీరం మీద చేసిన జులుం ఆ పిలుపు చాటున దాగింది.

పోరాట చరిత్రకారులు వెట్టిని దాచలేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి గ్రంథంలో ఇంటికొక్కరి వెట్టి వివరంగానే ఉంది. అయితే చివరికి పోరాటానికి నిలిచిన పేరు 'రైతాంగ పోరాటం'. భూమి లెక్కకొచ్చింది, కులం పక్కకు పోయింది. సెంటు భూమి లేని మాదిగ ఈ 'రైతాంగం'లో ఎక్కడ నిలబడాలె? 1946 జులై 4న కడవెండిలో తూటాకు ఒరిగిన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డ. దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి పంటను కాపాడుకున్న పాలకుర్తి ఐలమ్మ చాకలి. ఈ కులాలు వాళ్ల పేర్ల పక్కన అలంకారాలు కావు, వాళ్లు ఎందుకు తిరగబడ్డరో చెప్పే కారణాలు.

1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా హైదరాబాద్ సంస్థానం మీదికి సైన్యం వచ్చింది. దానికి పెట్టిన పేరు 'పోలీసు చర్య'. ఆ రోజుల్లో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటరని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. వారిలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. సైన్యం వెనక దొరలు ఊళ్లకు తిరిగొచ్చి, సంఘం పంచిన భూములు గుంజుకున్నరు. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా గోదావరి అడవుల్లో కోయగూడేల మీద దాడులు సాగినయి. పేరు చిన్నగ పెడితే గాయం చిన్నదైతదా?

మా ముసలోళ్లు కూడ తక్కువ చేసే చెప్తరు. "దొర మంచోడే బిడ్డా, పండుగకు బట్టలు పెట్టెటోడు" అంటరు. ఈ రెండూ ఒకటి కావు. దొర తరఫు మనిషి లెక్క ఎగ్గొట్టెటందుకు తక్కువ చేస్తడు. తల్లి మాత్రం పిల్లల ముంగట ఆ అవమానాన్ని మళ్ల తలకెత్తుకోలేక తక్కువ చేస్తది. మొదటిదాన్ని నిలదీయాలె, రెండోదాని ముంగట ఓపికగ కూర్చోవాలె. ఆమె మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకునే పరిశోధన దొర తరఫు సాక్ష్యమే అయితది.

ఈ మాటల పంచాయితీ ఎందుకంటే, పేరును బట్టే బాకీ ఉంటది. ఆనవాయితీకి ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. నేరానికి చెప్పాలె. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఆచారం పేరుతోనో, ఫలానా కులంలో పుట్టినందుకో చేయించుకునే చాకిరిని కూడ వెట్టి కిందనే లెక్కకట్టింది. చట్టం ఒప్పుకోని సాకును చరిత్ర ఎందుకు ఒప్పుకోవాలె? ఊడిగం మీద పెరిగిన భూములు, చదువులు దొరల వారసులకు చేరినయి. ఊడిగం చేసినోళ్ల మనుమలకు 'ప్రతిభ లేదు' అన్న మాట చేరింది.

2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టిండ్రు. మంచిదే. అక్కడి తరగతుల్లో వెట్టిని ఏ పేరుతో చెప్తరన్నదే అసలు ప్రశ్న. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల విద్యార్థులు, టీచర్లు ఎవరి ఊరిలో వాళ్లు అడగాలె: ఏ వాడ, ఏ కులం, ఏ పని, ఎన్ని తరాలు? విన్నది విన్నట్టు రాయాలె. కూలి ముట్టని పనిని వెట్టి అనే రాయాలె.