పూటకూళ్ళమ్మ పేరేమిటి?

పోయినేడాది సెలవుల్లో పిల్లలతో వరంగల్ వెళ్ళాం. కోట చూసి బయటికొచ్చేసరికి రెండు దాటింది. పిల్లలు ఆకలని గోల. మావారు ఫోన్ తీసి, చుక్కలు ఎక్కువున్న హోటల్ ఒకటి వెతికి పట్టుకున్నారు. ఏసీ బాగానే ఉంది కానీ, అన్నం మాత్రం ఎప్పుడో పొద్దున వండింది. పప్పు పుల్లబడింది. నలుగురం తలా నాలుగు ముద్దలు తిని లేచాం.

మర్నాడు ఫోన్ లోపల పెట్టెయ్యమన్నాను. వేయి స్తంభాల గుడి దగ్గర పూలమ్ముతున్న ఆవిణ్ణి, "ఇక్కడ ఇంటి భోజనంలాంటిది ఎక్కడ దొరుకుతుందమ్మా?" అని అడిగాను. "గా గల్లీల మెస్సున్నదమ్మా, అక్కనే వండుతది" అంది. వెళ్ళాం. వేడన్నం, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, చారు, గడ్డపెరుగు. మా చిన్నాడు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

అక్కడ కూర్చుంటే బి.ఏ.లో చదివిన క్రీడాభిరామం గుర్తొచ్చింది. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న కావ్యం అది. శ్రీనాథుడే రాశాడనేవాళ్ళూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. వాళ్ళకీ ఆకలి వేస్తుంది. అప్పుడొచ్చే పద్యంలో ఒక పూటకూళ్ళింటి భోజనం మొత్తం ఉంటుంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇదంతా ఒక్క రూకకి! ఊరు తెలియనివాడికి ఎక్కడ తినాలో, ఏం పెడతారో, ఎంతవుతుందో ఒక్క పద్యంలో చెప్పేశాడు.

చదువుకునే రోజుల్లో ఆ పద్యం వింటే నోరూరేది. ఇప్పుడు వేరే సంగతి తట్టింది. అది లక్ష్మణవజ్ఝల వారి ఇల్లని పద్యంలో ఉంది. వండిన చెయ్యి ఎవరిదో లేదు.

పూట అంటే వేళ, కూడు అంటే అన్నం. పూటకింత అని డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ళిల్లు. ఆ రోజుల్లో కులం పట్టింపుతో పైవాళ్ళు ఎక్కడపడితే అక్కడ తినేవారు కాదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి పెద్ద పరివారంతో, వంట సరంజామాతో వెళ్ళారు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఏ ఊరి బజారులో సరుకులు దొరుకుతాయి అని కాశీయాత్ర చరిత్రలో ఓపిగ్గా రాసుకున్నారు. అంత పరివారం లేని మామూలు మనిషికి సత్రమో, పూటకూళ్ళిల్లో దిక్కు. చాలాచోట్ల ఆ ఇల్లు నడిపింది భర్త పోయిన ఆడవాళ్ళు. చదువు లేదు, ఆస్తి లేదు, మళ్ళీ పెళ్ళి లేదు. చేతిలో ఉన్న విద్య వంటొక్కటే. ఆ ఇళ్ళల్లో అన్ని కులాలవాళ్ళకీ విస్తరి పడేది కాదన్నదీ నిజమే.

మనందరికీ తెలిసిన పూటకూళ్ళమ్మ కన్యాశుల్కంలో ఉంది. గురజాడ వారి ఈ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. సంతలో సామాన్లు తెస్తానని గిరీశం ఆవిడ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకుపోయి వేరేచోట ఖర్చు పెట్టేస్తాడు. ఆవిడ చీపురు పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. ఆ రంగం క్లాసులో చదువుతుంటే పడీ పడీ నవ్వాం. నాటకం మొత్తంలో ఆవిడకి పేరు లేదని అప్పుడు నాకు తోచనే లేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి మా నాయనమ్మకి ఆ కథ చెప్పి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "మీ నాన్న మేనత్త చేసిందీ అదేనే" అంది. పద్దెనిమిదేళ్ళకే భర్త పోతే, విజయనగరంలో రెండు గదులు అద్దెకి తీసుకుని, కోర్టు పనుల మీద వచ్చేవాళ్ళకీ, చదువుకునే పిల్లలకీ వండిపెట్టిందట. మా నాన్న స్కూలు ఫైనలు అయ్యేదాకా ఆ ఇంట్లోనే తిన్నారు. ఫీజులూ ఆవిడే కట్టింది. కానీ మా ఇంట్లో పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు మాత్రం "ఆవిడ చుట్టాలింట్లో ఉంటోంది" అని చెప్పేవారట. నాయనమ్మ అది చెబుతూ కళ్ళు తుడుచుకుంది. నేను నవ్విన నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కన్యాశుల్కం నాటి కాలంలోనే కోనసీమలో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు (1841–1909) ఉన్నారు. దారిన పోయేవాళ్ళు ఏ వేళప్పుడు వచ్చినా పొయ్యి వెలిగించి అన్నం పెట్టిన తల్లి. ఆవిడ పేరు గన్నవరం అక్విడెక్టుకి పెట్టారు. 2024 నుంచి ఆంధ్రలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే. ఎంత తలచుకున్నా తక్కువే. కానీ ఒకమాట అడగాలనిపిస్తుంది. ఊరికే పెడితే అన్నపూర్ణ, అదే అన్నానికి డబ్బు తీసుకుంటే చులకనా? సీతమ్మగారికి పెట్టడానికి పొలం ఉంది. మా మేనత్తమ్మకి ఏముంది? పొయ్యి ముందు మగ్గడం ఇద్దరికీ ఒకటే.

అందుకే కొత్త ఊరు వెళ్తే నేనిప్పుడు ముందు మనుషుల్ని అడుగుతాను. పూలమ్మే ఆవిణ్ణో, ఆటో అబ్బాయినో, మందుల షాపులో కుర్రాణ్ణో. రోజూ బయట తినేవాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తిన్నాక వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, వండినావిణ్ణి పలకరించి వస్తాను.

హనుమకొండలోనూ వెళ్ళి, "వంట చాలా బాగుంది, మీ పేరేంటమ్మా?" అన్నాను. గరిటె పట్టుకునే ఆశ్చర్యంగా చూసింది. "నా పేరెందుకమ్మా? అన్నం మంచిగున్నది గదా!" అంది. ఎందుకో చెప్పాను. నవ్వి, పేరు చెప్పింది.

మా మేనత్తమ్మ పేరు సుందరమ్మ. ఇన్నాళ్ళకి రాస్తున్నాను.