భుజం మీది మచ్చ

ఆమధ్య మన సంఘ మిత్రుడొకరికి మూత్రాశయ క్యాన్సర్ అని తేలింది. గడ్డ తీశాక బి.సి.జి. మందు ఎక్కిస్తామన్నారట డాక్టర్లు. "నాకు క్షయ లేదు కదన్నా, ఆ టీకా ఎందుకు?" అని దిగులుగా అడిగాడు. ఆరోగ్యశాఖలో పనిచేసినవాణ్ణి గనుక తెలిసింది చెప్పాను.

ఫ్రాన్సులో కాల్మెట్, గెరిన్ అనే శాస్త్రజ్ఞులు పశువుల క్షయ క్రిమిని 13 ఏండ్లు పెంచి, బలహీనపరచి ఈ టీకా తయారుచేశారు. 1921లో తొలిసారి ఒక శిశువుకు ఇచ్చారు. మన దేశంలో 1948లో ఈ పని మొదలైన తొలి చోట్లలో మన సీమలోని మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం డాక్టరు ఫ్రిమాట్ మోలర్ చుట్టుపక్కల పల్లెల్లో దీని ఫలితాన్ని పరిశీలించారు. గండికోటలో మా చిన్నతనంలో వేసిన టీకా మచ్చ నా భుజం మీద నేటికీ ఉంది.

1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరీక్షలో ఇది పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తేలింది. అయితే పసిబిడ్డలను మెదడు క్షయ నుంచి కాపాడుతుంది గనుక పుట్టగానే వేస్తున్నారు.

1976లో కెనడా డాక్టరు మొరాలెస్ దీన్ని మూత్రాశయంలోకి ఎక్కించి, పైపొరలోని క్యాన్సర్‌కు పనిచేస్తుందని చూపారు. ఒంట్లోని రోగనిరోధక శక్తిని అది అక్కడికి రప్పిస్తుంది.

మిత్రుడు ధైర్యం తెచ్చుకుని, వారానికొకటి చొప్పున ఆరు విడతలు వేయించుకున్నాడు. మిత్రులారా, మూత్రంలో రక్తం కనబడితే సిగ్గుపడి దాచకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.