కిరాయికి తీసుకున్న సర్కారులు

నందిగామ, జగ్గయ్యపేట ఊళ్ళున్న ఉత్తర సర్కారులకు ఇంగ్లీషు కంపెనీ కిరాయి కట్టేదంటే నమ్ముతారా? ఊళ్ళవాళ్ళకు కాదు లెండి, హైదరాబాదు నిజాముకు. చివరికి ఏటా ఇచ్చే ఏడు లక్షల పేష్కష్ (కప్పం) పీడ వదిలించుకోవడానికి 1823లో ఒక్కసారే 1,16,66,666 రూపాయలకు తెగ్గొట్టారు. లెక్క కట్టి చూడండి, నూటికి ఆరు వడ్డీ మీద ఏడు లక్షలు తెచ్చే అసలు సరిగ్గా అంతే! ఆ సొమ్మైనా నిజాం చేతిలో నిలిచిందా? నిజాముకు అప్పులిచ్చిన విలియం పామర్ కంపెనీ బాకీ కింద జమ అయిపోయింది.

ఈ వ్యవహారానికి మూలం 1766 నవంబరు 12 నాటి ఒప్పందం. కంపెనీ తరఫున జనరల్ కాలియాడ్, అవతల నిజాం అలీఖాన్. ముస్తఫానగర్ అని కాగితాల్లో రాసుకున్న కొండపల్లి సర్కారులో మన ఊళ్ళూ పోయాయి. అంతకుముందే ఢిల్లీ పాదుషా ఫర్మానా చేతబట్టుకుని, అదే ఏడు మార్చిలో కంపెనీవాళ్ళు కొండపల్లి కోట పట్టేసుకున్నారు. బేరం కుదర్చడంలో తెలుగువాడూ ఉన్నాడు: దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు. ఒప్పందం మాత్రం నిజాముకూ కంపెనీకీ మధ్యనే. ఇక్కడి జమీందార్లను, రైతులను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

వేరేచోట ఇలా కాదు. న్యూజిలాండులో ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం మీద 1840 ఫిబ్రవరి 6న వైతంగిలో అక్కడి మావోరీ పెద్దలే నలభై మంది దాకా సంతకాలు పెట్టారు. తర్వాత ఊరూరా తిప్పితే అయిదు వందలు దాటాయి. వాళ్ళూ మోసపోయారు, భూములు పోగొట్టుకున్నారు. అయినా ఆ కాగితం పట్టుకుని నిలదీయడానికి 1975 నుంచి వాళ్ళకొక ట్రిబ్యునల్ ఉంది. మనం నిలదీయాలంటే ఏ కాగితం చూపిస్తాం?

ఇక మన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి కాలం. ఆయనంటే నాకు మక్కువ, కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను. 1783లో గద్దెనెక్కేసరికి ఆయన జమీ కృష్ణకు ఇరువైపులా ఉంది. ఉత్తరాన కంపెనీ, దక్షిణాన 1788 దాకా నిజాం పెత్తనం. దొంగల బెడదకు పేరుపడ్డదని చెప్పే బేతవోలును పేటగా కట్టించి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. అమరావతికి కాపురం మార్చి, ఊరు కట్టడానికి అక్కడి దిబ్బ తవ్విస్తే బౌద్ధ శిల్పాలు బయటపడ్డాయి. చెంచులను విందుకు పిలిచి నరికించాడనీ, ఆ పాపం పోవడానికే గుళ్ళు కట్టించాడనీ జనం చెప్పుకుంటారు.

అమరావతిలోలాగే జగ్గయ్యపేటలోనూ ధనబోడు అనే బౌద్ధ స్తూపం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ అయిదు ఆయక స్తంభాలు (స్తూపాన్ని ఆనుకున్న వేదిక మీద నిలిపే కంబాలు) నిలిపాడు. ఊరివాళ్ళు రాళ్ళు తోలుకుపోగా మిగిలినదే 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ చూశాడు. అందులోని చక్రవర్తి ఫలకం చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి చేరింది. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే, మబ్బుల్లోంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. ఇంత సొగసైన రాతిని సొంత ఊళ్ళో నిలుపుకోలేకపోవడం మన దౌర్భాగ్యం.

1816లో నాయుడు పోయాక దత్తపుత్రులిద్దరి తగాదా లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. మన సంతకం అక్కర్లేదనుకున్న దొరలు మన ధర్మశాస్త్రాలు మాత్రం శ్రద్ధగా తిరగేశారు. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని తేల్చారు. రంగమ్మ, అచ్చమ్మల పేర్లతో నడిచిన ఆ వ్యాజ్యం తీర్పు దేశమంతటా దత్తత తగాదాలకు ఆధారమైంది.