నారుమడికి వేపగింజ కావలి

నారు పోసిన రైతు ఇల్లు పసిబిడ్డ గల ఇంటివంటిది. సాయంకాలము పచ్చగా నున్న మడి కొన్నాళ్లలోనే జల్లెడయై కనిపించును. పొగాకు నారుమళ్లలో ఈ చేటు తెచ్చునది లద్దెపురుగు. దాని రెక్కల పురుగు ఆకు అడుగున వందలకొలది గ్రుడ్లను కుప్పగా పెట్టి, తన మేని నూగుతో కప్పి పోవును. పిల్లపురుగులు మొదట ఒక్కచోటనే చేరి ఆకు పచ్చదనమును గీకి తినును. పెరిగిన పిదప చెదరి రాత్రివేళ మేయును. నారు పోయినచో ఆ యేటి సేద్యమే వెనుకబడును. కనుక లేత మొక్కను కాపాడుట ఎట్లన్న ప్రశ్న మనకు మిక్కిలి పాతది.

ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయము కేటాయించెను. ఆకులు పాలిపోవుట, చిగుళ్లు ఎదుగకుండుట, కొమ్మలెండుట, రసము కారుట రోగలక్షణములని చెప్పి, ముందుగా చెడిన భాగమును కత్తితో తొలగింపుమనెను. పిమ్మట వాయువిడంగములు, నేయి, బురద కలిపి పూయుమనెను. మొదట చూపు, తరువాత చేయి, ఆ పైన మందు. ఈ వరుసను మనము గుర్తుంచుకొనవలెను.

ఇరువదవ శతాబ్దిలో ఈ వరుస తారుమారయ్యెను. 1939లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ డి.డి.టి.కి గల కీటకనాశక శక్తిని కనుగొనెను. అందుకు 1948లో నోబెల్ బహుమానము నందెను. యుద్ధానంతరము అట్టి మందులు పొలములలో ప్రబలెను. అవి పురుగులతోపాటు పురుగులను తిను ప్రాణులను గూడ చంపెను. చావక మిగిలిన పురుగుల సంతతి మందునకు లొంగదయ్యెను. తుదకు 1989లో మన దేశమున వ్యవసాయమునకు డి.డి.టి. వాడుక నిషేధింపబడెను.

ఈలోగా మరియొక త్రోవ తెరచుకొనెను. 1962లో ఢిల్లీపై మిడుతల దండు దిగినప్పుడు భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పప్పు నూరి, నీట కలిపి పైరుపై చల్లించిరి. మిడుతలు వాలెను గాని పైరును మేయలేదు. ధాన్యపు గాదెలలో వేపాకు వేయుట మన ఇండ్ల పాత అలవాటే. అయినను ఇంటి అలవాటు పరీక్షకు నిలిచినప్పుడే పదిమందికి పనికివచ్చు విద్య యగును. 1968లో ఇంగ్లండున బటర్‌వర్త్, మోర్గన్ అనువారు వేపగింజలోని అజాడిరాక్టిన్ అను పదార్థమును వేరుచేసిరి.

ఆ విద్యను నారుమడికి తెచ్చినవారిలో మన రాజమండ్రివారు గలరు. 1947లో అచ్చట నెలకొన్న కేంద్ర పొగాకు పరిశోధన సంస్థలో బి. జి. జోషి, ఆయన సహచరులు వేపపప్పు ద్రావణమును లద్దెపురుగుపై పరీక్షించిరి. పురుగు మేత మానెనా అని చూచుటతో వారు ఆగలేదు. లద్దెపురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి వానిని నశింపజేయు చిన్న కందిరీగజాతి పురుగు ఒకటి కలదు. ఆ మిత్రునికి ఈ ద్రావణము వలన హాని గలుగునా అనియు విచారించి, 1982లో ఫలితములను ప్రకటించిరి. డి.డి.టి. చల్లిన తొలి దినములలో మనము అడుగక విడిచిన ప్రశ్న ఇదియే.

మన పెరటిలోని వంగనారు, మిరపనారులకు గూడ ఈ చరిత్ర పనికివచ్చును. ఏబది గ్రాముల వేపపప్పు పొడిని లీటరు నీటిలో రాత్రంతయు నానవేసి, వడకట్టి చల్లవచ్చును. ఎండకు దాని గుణము తగ్గును గనుక సాయంకాలము చల్లుట మేలు. పొగాకు మళ్ల చుట్టును ఆముదపు మొక్కలు పెంచినచో రెక్కల పురుగులు వానిపై గ్రుడ్లు పెట్టును. ఆ ఆకులను త్రుంచి నాశనము చేయవచ్చును. ఏ మందు చేతబట్టుటకైనను ముందు ప్రతి ఉదయము ఆకును తిరుగవేసి చూచుట మరువరాదు. గ్రుడ్ల కుప్ప కనబడిన నాడు త్రుంచిన ఒక్క ఆకు మడినంతటిని కాపాడవచ్చును.