లినారెస్ కుటుంబపు కాగితపు బొమ్మలు

మెక్సికో నగరంలో తరతరాలుగా పండుగ బొమ్మలు చేస్తున్న హస్తకళాకారుల కుటుంబం లినారెస్. ఈస్టరుకు యూదా బొమ్మలు, నవంబరు మొదట్లో వచ్చే మృతుల పండుగకు ఎముకల గూళ్ల బొమ్మలు వీరి ప్రత్యేకత. ‘అలెబ్రిహె’ అనే వింత జంతువుల బొమ్మలకు పేరు తెచ్చిన పేద్రో లినారెస్ లోపెస్ (1906–1992) ఈ ఇంటివాడే.

తయారీ

ఈ కళను స్పానిష్‌లో కార్తోనెరియా అంటారు. కాగితం నానబెట్టి రుబ్బిన గుజ్జు కంటే, చింపిన కాగితపు పేలికలకే ఇందులో పని ఎక్కువ. గోధుమపిండిని నీళ్లలో ఉడికించి జిగురు కాస్తారు. చిన్న బొమ్మ అయితే అచ్చు మీద పేలికలను పొరలు పొరలుగా అతికించి, ఎండాక కత్తితో రెండు చెక్కలుగా కోసి అచ్చు నుంచి ఊడదీస్తారు. ఆ రెండు చెక్కలనూ తిరిగి కలిపి, అతుకు కనపడకుండా మరో వరస కాగితం వేస్తారు. మనిషెత్తు బొమ్మకు అచ్చు ఉండదు. రెల్లు కర్రలు, ఇనుప తీగలతో కట్టిన చట్రమే దానికి ఆధారం. కొమ్ములు, నాలుకలు, రెక్కలు విడిగా చేసి అంటిస్తారు. ఒళ్లంతా తెల్లరంగు పూసి, అది ఆరాక రంగులు వేస్తారు.

యూదా బొమ్మలు

ఈస్టరుకు ముందురోజైన పవిత్ర శనివారం నాడు యేసును పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా బొమ్మను వీధికి అడ్డంగా తాడుకు వేలాడగట్టి, దానికి చుట్టిన టపాకాయలు అంటించడం మెక్సికోలో పాత ఆచారం. మన ఊళ్లలో నరకాసురుడి బొమ్మను కాల్చడం తెలిసినవారికి ఇందులోని సంబరం ఇట్టే అర్థమవుతుంది. యూదా పేరే గాని, బొమ్మకు తరచు కొమ్ముల సైతాను రూపమే ఉంటుంది. జనానికి కిట్టని నాయకుల పోలికలూ పెడతారు. పేద్రో ఈ పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. చిత్రకారులు దియేగో రివేరా, ఫ్రీదా కాహ్లో దంపతులు ఈ బొమ్మలను ఇష్టపడి కొనేవారు. రివేరాకు పేద్రో కూడా బొమ్మలు చేసి ఇచ్చాడు. ఆ దంపతులు కొని దాచినవి కాలిపోకుండా మిగిలాయి. ఫ్రీదా నివసించిన ‘నీలి ఇంటి’ మ్యూజియంలో యూదా బొమ్మలను ఇప్పటికీ చూడవచ్చు.

అలెబ్రిహెలు

కుటుంబం చెప్పే ప్రకారం, 1936లో ముప్పై ఏళ్ల పేద్రో జబ్బుపడి స్పృహ తప్పాడు. ఆ మగతలో ఒక అడవి కనిపించింది. రెక్కల గాడిద, ఎద్దుకొమ్ముల కోడిపుంజు, గద్దతల సింహం ఒక్కపెట్టున ‘అలెబ్రిహెస్’ అని అరిచాయి. కోలుకున్నాక వాటికి కాగితంతో రూపం ఇచ్చాడు. ఈ కథను ఒప్పుకోనివారూ ఉన్నారు. చిత్రకారులు తమ వేషాల వేడుకల కోసం అడిగి చేయించుకున్న వింత బొమ్మలే వీటికి మూలమని వారి వాదన. మూలం ఏదైనా, యూదా సైతానుకు కొమ్ములూ రెక్కలూ పెట్టడంలో తిరిగిన చెయ్యే ఈ జంతువులనూ చేసిందనడంలో సందేహం లేదు. తరువాత ఓహాకా రాష్ట్రంలోని వడ్రంగి శిల్పులు కోపాల్ చెక్కతో చేసే జంతువులకు కూడా ఇదే పేరు స్థిరపడింది.

ఎముకల గూళ్లు

తెలుగు క్రైస్తవులు సమాధుల పండుగ జరుపుకొనే నవంబరు 2నే మెక్సికోలో మృతుల పండుగ ముగుస్తుంది. హోసే గ్వాదలూపే పోసాదా (1852–1913) చౌకరకం కాగితాలపై అచ్చువేసిన నవ్వే పుర్రెల బొమ్మలను లినారెస్ కుటుంబం నిలువెత్తు బొమ్మలుగా మలిచింది. వీరి ఎముకల గూళ్లు పాడతాయి, ఆడతాయి, గుర్రాలెక్కుతాయి. 1985 సెప్టెంబరు 19న భూకంపం నగరాన్ని కూల్చినప్పుడు, శిథిలాల నడుమ జరిగిన సహాయక చర్యలను కూడా ఎముకల గూళ్లతోనే చూపించారు.

గుర్తింపు

1975లో జుడిత్ బ్రొనౌస్కీ తీసిన డాక్యుమెంటరీతో పేద్రో పేరు విదేశాలకు పాకింది. 1990లో మెక్సికో ప్రభుత్వం జానపద కళల విభాగంలో జాతీయ పురస్కారం ఇచ్చింది. వీరి బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. 2007 నుంచి మెక్సికో నగరంలోని జానపద కళల మ్యూజియం ఏటా భారీ అలెబ్రిహెల ఊరేగింపు జరుపుతోంది. 2017 నాటి ‘కోకో’ యానిమేషన్ చిత్రం ఆ పేరును పిల్లలకూ పరిచయం చేసింది.

పేద్రో కుమారులు ఎన్రీకె, ఫెలీపె, మిగేల్, ఆ తరువాత మనవలు వృత్తిని కొనసాగించారు. బొమ్మలు మ్యూజియాలకు ఎక్కినా, పవిత్ర శనివారం నాడు తమ వీధిలో యూదాను కాల్చే ఆనవాయితీని కుటుంబం వదులుకోలేదు.