పులికాట్ మీద పడవదారి

బ్రిటిష్ వాళ్ల కాలంలో మా దర్శి నెల్లూరు జిల్లాలో జమీందారీ తాలూకా. పులికాట్ సరస్సుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న దుగరాజపట్నమూ అదే జిల్లా. అందుకే ఒంగోలులో హైవే ఎక్కి, నాయుడుపేట దాటి, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో కడపచెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని చూస్తుంటే పరాయి సీమకు వచ్చానని నాకెప్పుడూ అనిపించదు.

నేను పత్తి రైతుని. ఈ తీరానికి పడమటి ఓడల్ని రప్పించింది మన బట్ట. డచ్చివాళ్లు 1613 నాటికే సరస్సు దక్షిణపు కొసన, పులికాట్ ఊళ్లో గెల్డ్రియా కోట కట్టుకుని కూర్చున్నారు. వాళ్ల పోటీకి నిలవలేక ఇంగ్లీషువాళ్లు 1626 ప్రాంతంలో దుగరాజపట్నం చేరారు. వాళ్ల కాగితాల్లో దాని పేరు అర్మగాన్. అక్కడా సరుకు సరిగా కుదరలేదు. అక్కడి ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇంకా దక్షిణానికి వెళ్లి, 1639లో మద్రాసు నేల సంపాదించాడు. మద్రాసు పుట్టుకలో నెల్లూరు తీరానికి ఇంత పాలుందని మా పిల్లలకు ఏ పాఠంలోనూ చెప్పరు. చెప్పాలి.

తడ దగ్గర భీములవారిపాళెం రేవు నుంచి ఇరకం దీవికి ఇప్పుడు ఇంజను పడవలే ఎక్కువ. నేను చాప పడవ కోసం ఆగాను. సరస్సు సగటు లోతు మీటరే. గాలి ఉంటే చాప ఎత్తుతారు, గాలి పడిపోతే గెడ వేస్తారు. దూరంగా రాజహంసలు తలలు తలకిందులుగా నీళ్లలో ముంచి మేస్తున్నాయి. వాటికి కాలు ఆనే నీళ్లు కావాలి, పడవకు అడుగు ఆనని నీళ్లు కావాలి. ఆ రెంటినీ సర్దేది సముద్రం. రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే పోటు నీరు లోపలికి రాదు, ఎండాకాలం ఉత్తరపు వైపు బీడవుతుంది. "మొగ మూసుకుంటే గెడ కూడా బురదలో దిగబడుద్దన్నా" అన్నాడు పడవ నడిపే కుర్రాడు.

ఈ సరస్సు మీదుగానే మద్రాసు పడవలు తిరిగేవి. 1806లో కొక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన కాలువ క్రమంగా ఉత్తరానికి పెరిగి, పులికాట్ దాటి, పెదగంజాం దాకా వచ్చింది. అక్కడ కొమ్మమూరు కాలువ కలిసి కృష్ణ దాకా నీటిదారి అయింది. ఉప్పు, బియ్యం, శ్రీహరికోట అడవి వంటచెరకు ఆ దారినే పోయేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవల్ని లాగేవాళ్లు.

ఆ కాలువకు బకింగ్‌హామ్ అన్న పేరు 1876-78 ధాత కరువు నాటి గవర్నరుది. మద్రాసులో అడయారును, కూవాన్ని కలిపే 8 కిలోమీటర్ల ముక్కను కరువు కూలీలే తవ్వారు. 1877 మొదట్లో కరువు పనుల మీద మగవాడి రోజు కూలిని ఒక పౌను ధాన్యానికి, అంటే సుమారు 450 గ్రాములకు, పైన ఒక అణాకు కుదించారు. పొద్దస్తమానం మట్టి మోసిన ఒంటికి అది చాలదు. తవ్వించిన దొర పేరు మిగిలింది, తవ్విన ఒక్కడి పేరూ లేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

శ్రీహరికోట యానాదులదీ అదే గతి. 1835లో సర్కారు ఆ దీవిని నేరుగా తన చేతిలోకి తీసుకున్ననాటికే వాళ్లు అక్కడున్నారు. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిలో చాలామంది తమ గుడిసెలు వదిలి లేచిపోవలసి వచ్చింది.

1965, 66, 76 తుఫాన్లు కాలువను పాడుచేశాయి. రైలూ లారీలూ సరుకు లాక్కున్నాయి. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. పూడిక తీయడమే జరిగితే ముందు ముఖద్వారాల దగ్గర మొదలుపెట్టాలి. పక్షి బతకాలన్నా, ఇరకం పడవ నడవాలన్నా మొదట కావలసింది పోటు నీరు.